ఎగురునాడె వృత్తాంతము: సాలెవారి కార్ఖానాలు పెరిగిన తీరు, పెరుగని తీరు



మన సంఘచరిత్రమును వ్రాయబూనిన వారు మార్కండేయ మహర్షితో నారంభించి, భావనాఋషి వృత్తాంతమును చెప్పి, అచ్చటనుండి ఒక్క గంతున నేటి మగ్గముల దుస్థితికి వచ్చి కన్నీరు విడుచుట పరిపాటి యైనది. నడుమనున్న నూటయేబది సంవత్సరములలో మనవారేమి చేసిరో, ఏ పనిముట్టును చేపట్టిరో, ఎవరు పది మగ్గముల వారైరో, ఎవరు ఉన్న ఒక్క మగ్గమును పోగొట్టుకొనిరో చెప్పువారరుదు. చెప్పినచో రెండుమాటలే వినవచ్చును. మాంచెస్టరు గుడ్డ వచ్చి సాలెవానిని చంపెననునది మొదటిది. సాలెవాడు తాతనాటి మగ్గమును విడువలేక తానే చెడెననునది రెండవది. మొదటిమాటను మనవారు మనవేదికలపై చెప్పుకొందురు. రెండవదానిని దొరలు తమ నివేదికలలో వ్రాసిరి. మొదటిదాని ప్రకారము మనము దెబ్బతినుటకే పుట్టినవారము. రెండవదాని ప్రకారము మూఢులము. ఈ రెంటికిని లొంగని సంగతులు పెక్కు గలవు. వానిలో ఒక్క చిన్న కొయ్యముక్క కథను, అనగా నాడె కథను, ఇచ్చట మనవి చేయుదును.

పూర్వపు గుంటమగ్గముపై నేతగాడు ఒకచేత నాడెను విసరి రెండవచేత నందుకొనువాడు. గుడ్డ వెడల్పు చేతుల చాపునకు మించరాదు. 1733 సం॥న ఇంగ్లండులో జాన్ కే అనునాతడు అచ్చును బిగించిన చట్రమునకు రెండువైపుల పెట్టెలు చేర్చి, త్రాడులాగినంతనే నాడె తనంత తానే పడుగుపై పరుగెత్తి ఆవలిపెట్టెలో దూరునట్లు చేసెను. ఇదియే ఫ్లై షటిల్. దీనివలన నేత వేగము ఒకటిన్నర మొదలు రెండింతల వరకు పెరుగును; వెడల్పు గుడ్డను ఒక్కడే నేయగలడు. ఇంతటి ఉపకారము చేసిన కే గారు తన హక్కును ఎగవేసినవారితో వ్యాజ్యములాడి ధనము పోగొట్టుకొని ఫ్రాన్సుదేశమునకు పోవలసివచ్చెను. క్రొత్త పనిముట్టును కనుగొన్నవాడును, దానివలన బాగుపడినవాడును ఒక్కడే యగుట అరుదని ఇచ్చటనే తెలియుచున్నది.

ఇట్టి నాడె మనదేశమున సామాన్యముగా వాడుకలోనికి వచ్చుటకు రమారమి నూటయెనుబది సంవత్సరములు పట్టెను. దీనినిబట్టియే దొరలు మనవారిని మందబుద్ధులనిరి. మగ్గముకడ కూర్చున్నవాని కిది వేరుగా కనబడును. చేతితో వడకిన నూలు అన్నిచోట్ల సమముగా నుండదు. ఎగురునాడె కొట్టు ఊపునకు పడుగు తెగి, అతుకుటలోనే ప్రొద్దు గడచును. మిల్లునూలు చవుకగా దొరకిన పిదపనే ఈ నాడె లాభకారి యగును. ఇంగ్లండునుండియు, 1854లో కావస్జీ దావర్ మొదటి మిల్లును స్థాపించిన తరువాత బొంబాయినుండియు అట్టి నూలు క్రమముగా మనయూళ్లకు వచ్చెను. మరియు రెండువైపుల వేరురంగు అంచు గల చీరను మూడు నాడెలతో నేయవలయును. అచ్చట ఎగురునాడె పనికిరాదు. ఉప్పాడ జాందానీ వంటి పనిలో పువ్వు పువ్వునకు చేతివ్రేళ్లు కదలవలసినదే. కావున ముతకగుడ్డను, సాదాగుడ్డను నేయువారు ముందుగను, సన్ననేతవారు వెనుకగను ఈ పనిముట్టును చేపట్టుటలో మూఢత్వ మేమియులేదు; లెక్క మాత్రమే కలదు.

దీనిని మనదేశమున మొదట వాడినవారిలో మంగళూరు, కన్ననూరులలోని బాసెల్ మిషను నేతశాలలవారు ముఖ్యులు. (ఖాకీరంగు పుట్టినదికూడ ఆ మంగళూరు నేతశాలలోనే యని ప్రసిద్ధి.) వంగదేశమున శ్రీరాంపురపు నేతగాండ్రును దీనిని వాడుచుండిరి. చిత్రకళాశాలాధ్యక్షుడగు హావెల్ దొర శ్రీరాంపురపు మగ్గమును జూచి, ఇట్టిదే దేశమంతట నుండవలయునని 20వ శతాబ్ది ఆరంభమున విశేషముగా ప్రచారము చేసెను.

మద్రాసు రాజధానిలో ఆ భారమును వహించినవాడు ఆల్ఫ్రెడ్ చాటర్టన్. ఈయన 1888లో ఇంజనీరింగు ఆచార్యుడుగా వచ్చి, అల్యూమినియము పాత్రల పరిశ్రమను, క్రోము తోళ్ల పరిశ్రమను మనప్రాంతమున నెలకొల్పిన కార్యశూరుడు. 1906 ప్రాంతమున సేలములో ప్రభుత్వపు ఖర్చుతో ఒక నేతశాలను పెట్టించెను. ఎగురునాడె మగ్గములు, మేలైన పడుగుపని, నెలజీతము, సావుకారు బాకీనుండి విముక్తి: ఇన్ని మేళ్లు చూపినను నేతగాండ్రు నిలకడగా రారైరి. వచ్చినవారును పండుగకు పోయి పదిదినములకు గాని తిరిగిరారు. వారు సోమరులని కొందరు నిశ్చయించిరి.

ఇది సోమరితనమా? సాలెవాని ఇంట మగ్గము ఒక్కడు నడపునది కాదు. భార్య రాట్నముపై కండెలు చుట్టును, తల్లి ఆసుపోయును, పిల్లలు పోగులందింతురు, పడుగు సాగదీసి గంజిపట్టించునాడు ఇరుగుపొరుగెల్ల వీధిలోనికి వచ్చును. ఆ కష్టమంతయు గుడ్డవెలలో చేరి ఇంటికి వచ్చును. నేతశాలకు పోయినచో కూలి ఒక్కనికే; తక్కినవారి చేతులు ఊరకుండును. ఒక్కని కూలి రెండింతలైనను ఇల్లు గడువదు. ఈ లెక్క చాటర్టన్ గారి కాగితములలో చేరలేదు, నేతగాండ్రకు మాత్రము వ్రాయకయే తెలియును. ఇంతలో మద్రాసులోని ఆంగ్లేయవర్తకులు, ప్రభుత్వమే వ్యాపారము చేయుట తగదని మొరవెట్టిరి. 1910లో ఇండియా మంత్రి మార్లే ప్రభువు ప్రభుత్వధనముతో వర్తకపరిశ్రమలు నడపరాదని ఉత్తరువు చేసెను. నేతశాల మూతపడెను.

నేతశాల పోయినను నాడె పోలేదు. ఆ పెట్టెలను, ఆ త్రాటిని ఊరి వడ్రంగిచేతనే చేయించుకొని మనవారు ఇంటి గుంటమగ్గమునకే తగిలించుకొనిరి. మగ్గమంతయు మార్చనక్కరలేదు, అప్పు పెద్దది చేయనక్కరలేదు. కోస్తాజిల్లాలలో ఇది త్వరగా వ్యాపించెను. 1942లో పి. జె. థామస్ గారి అధ్యక్షతను విచారణసంఘము చేతిమగ్గముల లెక్క తీయునప్పటికి దేశము మొత్తముమీద మూడింట ఒకవంతు మగ్గములకు మాత్రమే ఎగురునాడె కలదు. మద్రాసు రాజధానిలో నన్ననో అట్టివియే అధికసంఖ్య. మందబుద్ధులన్న మాటకు ఇంతకంటె సమాధాన మక్కరలేదు.

ఇక షోలాపురపు సంగతి. మన సంఘచరిత్రమున దీనికంటె పెద్ద అధ్యాయము లేదని నా నమ్మకము.

నిజాము రాష్ట్రమునందలి కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మెదకు, పాలమూరు సీమలనుండి పద్మశాలీయులు పడమటికి పోవుట 19వ శతాబ్దిలోనే ఆరంభమైనది. షోలాపురమునకు 1860లో రైలు వచ్చెను. 1876-78 నాటి మహాక్షామము పల్లెలను పాడుచేయగా వలస పెరిగెను. 1877లో అచ్చట మొదటి నూలుమిల్లు పని నారంభించెను; దానినే తరువాతివారు జూనీమిల్లు అనిరి. మిల్లు వచ్చినచో చేతిమగ్గము చచ్చునని గదా మన వేదికలపై చెప్పుదురు. షోలాపురములో మిల్లు నీడనే చేతిమగ్గము పెరిగెను. మిల్లు నూలునిచ్చెను, పనిలేని ఋతువున కూలినిచ్చెను, యంత్రముల మర్మమును కంటితో చూచు అవకాశమునిచ్చెను. అన్న మిల్లులోను, తమ్ముడు మగ్గముమీదను పనిచేసిన కుటుంబము లనేకము. ఆ దేశపు స్త్రీలు కట్టు తొమ్మిదిగజముల చీర మిల్లువారికి వెంటనే చేతికి రాలేదు. అంచు, కొంగు, రంగు ఊరూరికి మారును. వేలకొలది ఒకేరకము నేయు మిల్లునకు ఆ మార్పు కష్టము. ఆ సందులో మనవారు ప్రవేశించిరి.

మొదట మనవారు మార్వాడీ, గుజరాతీ నూలువర్తకులకడ అరువు తెచ్చి ఇండ్లలో నేసిరి. క్రమముగా వారిలో కొందరు నాలుగు రూకలు వెనుకవేసి, ఒక కప్పుక్రింద పది మగ్గములు, ఇరువది మగ్గములు పెట్టిరి. వీనినే కార్ఖానా లనిరి, యజమాని కార్ఖానాదారుడు. సేలములో దొరతనమువారు చేయలేనిదానిని తెలుగుదేశపు సాలెవాడు పరాయిభాషానగరమున ఎట్లు చేసెను? ఈ ప్రశ్నపై కొంచెము నిలువవలసియున్నది.

కార్ఖానాదారుడు కూలివానిని ఒంటరిగా రమ్మనలేదు. కుటుంబముతో రమ్మనెను. కార్ఖానాలోనే, లేక దాని ప్రక్కనే, తలదాచుకొన చోటిచ్చెను. మగవాడు మగ్గముపై కూర్చుండ, ఆడువారు కండెలు చుట్టిరి. సేలములో తెగిన ముడి ఇచ్చట నిలిచెను. పిలిచినవాడును వచ్చినవాడును ఒక్కయూరివారు, లేక వియ్యమందినవారు. ‘మామా, పెండ్లి ఖర్చులకు నూరు రూపాయలు కావలెను’ అని అడుగుటకు నోరాడును. ఇచ్చినవానికి ఆ సొమ్మెక్కడికి పోవునను భయము లేదు. బ్యాంకి లేదు, పత్రము లేదు, కులమే జామీను. ఎగురునాడెతో ఆగక వారు డాబీ, జకార్డు పనిముట్లను తెచ్చిరి. మెరయు కృత్రిమ పట్టునూలును, క్రొత్త రంగులను వాడిరి. ఒక సంవత్సరము చెల్లిన అంచు మరుసటి సంవత్సరము చెల్లదని గ్రహించి, బేరగాండ్రను ఊళ్లకు పంపి వాడుక కనుగొనిరి. నేటివారు పారిశ్రామికసాహస మనునది ఇదియే. ఏ కళాశాలయు వారికిది నేర్పలేదు.

అయితే ఈ కథను పొగడ్తగానే ముగించుట చరిత్రకారునికి తగదు. పెండ్లికిచ్చిన ఆ నూరురూపాయలే కూలివాని పాదమునకు సంకెల. బాకీ తీరినగాని ఇంకొక కార్ఖానాకు పోరాదు. తీరునంతటి కూలి యెన్నడును రాదు. గిరాకి తగ్గినపుడు మగ్గము నిలుచును, కూలి నిలుచును, బాకీ మాత్రము నిలువదు. ఒకే కులమువారు, ఒకే దేవుని కొలుచువారు, శ్రావణపూర్ణిమనాడు ఒకే మార్కండేయ రథమును లాగువారు. మరునాటి ఉదయమున ఒకడు ధనియు, ఒకడు ఋణియు. కార్మికులు సంఘములు కట్టి సమ్మెలు చేసినపుడు ‘మనలో మనకు తగవేల’ అని పెద్దలు పలికిరి. ఈ మాట సామాన్యముగా గద్దెపైనున్నవాని నోటనే వచ్చునని నేను గమనించితిని. కులబంధము పెట్టుబడిని పోగుచేసెననుట సత్యము. ఆ బంధమే కూలిరేటును అడుగుటకు సిగ్గుపడునట్లు చేసెననుటయు సత్యము.

మిల్లులకంటె కార్ఖానాలే దీర్ఘాయుష్మంతము లగుట మరియొక వింత. జూనీమిల్లు 1949 ఆగస్టులో మూతపడెను. 1950 జనవరిలో కేంద్రప్రభుత్వము ఆర్డినెన్సుచే దానిని తన యధీనముచేసికొనగా, వాటాదారు డొకడు సుప్రీముకోర్టునకు పోయెను. మన రాజ్యాంగచట్టపు తొలి వ్యాజ్యములలో నొకటిగా న్యాయవాదులు దానిని నేటికిని చదువుచున్నారు. మిల్లు కడకు పోయెను. సాలెవారి కార్ఖానాలు చేతిమగ్గమును విడిచి విద్యుత్తుమగ్గమునకు మారి, చీరల వాడుక తగ్గగా జకార్డు దుప్పట్లకు, తుండుగుడ్డలకు మారి నిలిచెను. ‘షోలాపురం చద్దరు’ తెలుగుదేశమున ఎరుగని యిల్లు లేదు. దానికి భౌగోళిక గుర్తింపుకూడ లభించినది.

మరి ఈ కార్ఖానాలు మహాసంస్థలు ఏల కాలేదు? ఇచ్చట జపాను మాట ఒక్కటి చెప్పక తప్పదు. 1872లో క్యోటో నేతగాండ్రు కొందరు ఫ్రాన్సునందలి లియాన్ నగరమునకు పోయి జకార్డును, ఎగురునాడెను తమ దేశమునకు తెచ్చుకొనిరి. 1867లో ఒక వడ్రంగి యింట పుట్టిన సకిచి టొయోడా తన గ్రామమున నేతకష్టమును జూచి 1891లో ఒక కొయ్యమగ్గమునకు హక్కుపత్రము పొందెను. 1924 నాటికి పోగు తెగిన తనంత నిలుచు, నాడెలో నూలయిన తనంత మార్చుకొను మగ్గమును సిద్ధపరచెను. దానిని తయారుచేయు హక్కును 1929లో ఇంగ్లండునందలి ప్లాట్ బ్రదర్సు వారు లక్ష పౌన్లకు ఒప్పందము చేసికొని కొనిరి. మగ్గములు చేసిన ఆ యింటివారే 1937లో మోటారుబండ్ల కంపెనీని స్థాపించిరి. మనవారు మగ్గమును నడపుటలో ఎవరికిని తీసిపోలేదు; మగ్గమును తయారుచేయు వ్యాపారమును మాత్రము చేపట్టలేదు. మనయూరి వడ్రంగి ఎగురునాడె పెట్టెను చేసియిచ్చెనే గాని, అతనికి పెట్టుబడి పెట్టినవారు లేరైరి. ఇది పెద్దలోపమని నా యభిప్రాయము.

ప్రభుత్వపు చట్టములును కొంత కారణము. 1954లో కానుంగో విచారణసంఘము, చేతిమగ్గములను క్రమముగా విద్యుత్తుమగ్గములుగా మార్చుట మంచిదనెను. ప్రభుత్వము ఒకవైపు చేతిమగ్గములకు కొన్నిరకముల గుడ్డను ప్రత్యేకించెను. ఇంకొకవైపు నాలుగు మగ్గములకు మించని విద్యుత్తుశాలలకు సుంకము మినహాయించెను. ఫలిత మేమి? ఇరువది మగ్గములు గలవాడు వానిని ఐదుపేళ్లతో వ్రాయించెను: భార్యపేర నాలుగు, తమ్మునిపేర నాలుగు, బావమరదిపేర నాలుగు. గోడ ఒక్కటే, లెక్కపుస్తకములు ఐదు. పెద్దయగుటకు దండనయు, చిన్నగా నుండుటకు బహుమానమును ఉన్నచోట వివేకియైనవాడు చిన్నగానే యుండును. అట్టివాడు యంత్రమును బాగుచేయించుటకు ఎక్కువ ధనమును పెట్టడు. పత్రములలో తనది కానిదానిపై అప్పు పుట్టదు. ఇచలకరంజిలో 1904లోనే విఠ్ఠలరావు దాతారు గారు విద్యుత్తుమగ్గమునకు దారిచూపిరి. ఆ దారి ఇట్లు ఇరుకుసందులలోనికి చీలిపోయెను. మన సిరిసిల్లలోను, సేఠునకు నూలుబాకీ పడిన ఆసామి, ఆసామికి బాకీపడిన కార్మికుడు అను అంతరువులే నిలిచి, గిరాకి పడిపోయినప్పుడు నేతగాండ్ర ఆత్మహత్యలకు దారితీసెను. 2017 మొదలు బతుకమ్మచీరల కొనుగోలుచే ప్రభుత్వము కొన్నాళ్లు పనికల్పించినది. ఒక్క కొనుగోలుదారునిపై ఆనుకొన్న పరిశ్రమ బలమెంతయో చెప్పనక్కరలేదు.

ఇంతవరకు మగవారి కథయే చెప్పితిని. మన చరిత్రములన్నిటిలోను ఇదియే జరుగును. నాడె వేగము రెండింతలైనపుడు కండెలు చుట్టు చేతుల పనియు రెండింతలయ్యెను; కూలి మాత్రము మగ్గమువాని పేరనే పడెను. పిదప యంత్రములు కండెలు చుట్టి, పడుగులు చుట్టినపుడు ఆ స్త్రీల చేతిపని పోయెను. షోలాపురములో మనయింటి స్త్రీలు వేలకొలది బీడీలు చుట్టు పనికి పోయిరి. 2006లో ఆ నగరమున పదివేల యిండ్ల కాలనీ గోదూతాయి పరుళేకర్ పేర వెలసినది బీడీకార్మిక స్త్రీల కొరకే. కార్ఖానా కట్టినవారి ఛాయాపటములు మన సత్రముల గోడలపై కలవు. కండెలు చుట్టినవారి పేళ్లు ఎచ్చటను లేవు.

ఆడువారి కష్టమును లెక్కలోనికి తెచ్చిన పనిముట్టు ఒక్కటి మాత్రము మనవారిచేతనే పుట్టినది. చీరాల ప్రాంతపు తేలియా రుమాళ్ల చిటికిపని 20వ శతాబ్ది తొలిభాగమున పోచంపల్లి సీమకు వచ్చి వేళ్లూనెను. చిటికి కట్టుటకు ముందు పేకనూలును అర్ధచంద్రాకారముగ నాటిన మేకులపై చేతితో అటునిటు చుట్టవలయును. దీనినే ఆసు అందురు. ఒక్క చీరకు చేయి రమారమి 9,000 మారులు కదలవలయును, నాలుగైదు గంటల పని, భుజము పట్టివేయును. ఈ పని తరతరములుగా స్త్రీలదే. ఆలేరు చెంత శారాజీపేటయందలి చింతకింది మల్లేశం, బడిచదువు నడుమనే మానినవాడు, తల్లి లక్ష్మి భుజపునొప్పిని చూడజాలక 1992 మొదలు యంత్రమునకై పాటుపడి, ఊరివారు నవ్వుచుండ, చేతిసొమ్మంతయు వ్యయపరచి, 1999లో దానిని సాధించెను. గంటన్నరలో ఆసు ముగియును. ఆ యంత్రమునకు తల్లిపేరు పెట్టెను. 2017లో పద్మశ్రీ బిరుదము లభించెను.

చాటర్టన్ దొర పెద్ద జీతముతో, ప్రభుత్వపు ధనముతో చూడలేనిదానిని ఇతడు చూచెను. ఇంటిలోని కష్టము ఎవరి భుజముపై నున్నదో అతనికి తెలిసియుండుటయే అందుకు కారణము. అయినను ఏడు సంవత్సరముల ఆ కాలమున అతనికి తోడ్పడవలసిన పెట్టుబడి మన సంఘమునందలి ధనికులకడ లేకపోలేదు. అదే కాలమున కల్యాణమండపములకు విరాళములు కొదువలేక వచ్చెను. ఈ మాట పోషకమహాశయులకు కొంచెము చేదుగా నుండును; అయినను సంచికలో పొగడ్త చదువుకొనుటకు వేరు పుటలు చాలగలవు.

కడపట ఒక విన్నపము. షోలాపురము, భివండీ, సూరతు, సిరిసిల్ల, చీరాల, పోచంపల్లి మొదలగు చోట్ల కార్ఖానాలు నడపిన పాతకుటుంబముల యింట నేటికిని నూలుఖాతాలు, కూలిచిట్టాలు, బాకీపుస్తకములు అటుకలమీద నుండును. వానిలో మొదటి ఎగురునాడె ఎన్ని రూపాయలకు వచ్చెనో, ఎవనికి పెండ్లిబాకీ ఎంత ఇచ్చిరో, అది ఎన్నేండ్లకు తీరెనో వ్రాసియున్నది. మగ్గములవారి పేళ్లు దొరకు పుస్తకములు అవియే; కండెలు చుట్టిన ఆడువారి పేళ్లును ఒకటిరెండు చోట్ల దొరకవచ్చును. చెదలకు గాని, పాతకాగితముల బేరగానికి గాని చిక్కకముందే వానిని మహాసభ కార్యదర్శులకు చూపినచో ప్రతులు వ్రాయించుకొని తిరిగి యప్పగింతురు. బాకీదారుల పుటలను చింపివేయకుండ ఇయ్యవలయునని వేరుగా ప్రార్థించుచున్నాను.